బుగ్గ ఒకచోట... బెజ్జం మరోచోట!

ఉదయం ఆరున్నర. బొంతపల్లిలో నైట్ షిఫ్టు ముగిసింది. కంపెనీ బస్సులు ఒకదాని వెనక ఒకటి కదులుతున్నాయి. వాటి పక్కగా ఓ కుర్రాడు సైకిల్‌ను నడిపించుకుంటూ వస్తున్నాడు. లావాటి టైర్లు, ముందు షాకబ్జార్బర్లు... చూడ్డానికి ఏనుగులా ఉంది. వెనక చక్రం మాత్రం నేలకు కరుచుకుపోయింది. నిన్న సాయంత్రం గట్టిగా గాలి కొట్టి వచ్చాడు. తెల్లారేసరికి మళ్లీ అదే కథ. వరుసగా మూడోరోజు!

ఆదివారాలు నర్సాపూర్ అడవి దాకా తొక్కాలని బోనస్ డబ్బులతో ఇష్టపడి కొనుక్కున్న మౌంటెన్ బైక్ అది. ట్యూబ్‌లెస్. సిటీలో ఓ షాపువాళ్లు లోపల మందు తక్కువైందని ఓసారి పోశారు. వారం తర్వాత ఇంకాస్త పోశారు. డబ్బులు పోయాయి, గాలి పోవడం మాత్రం ఆగలేదు. సగం ధరకైనా అమ్మేద్దామని రాత్రే నిర్ణయించుకున్నాడు.

దారిలో పంక్చర్ షాపు తాత పిలిచాడు. ‘‘ఏం బిడ్డా, మల్ల పోయిందా?’’

‘‘ఇది ట్యూబ్‌లెస్ తాతా. నీతోని కాదు.’’

ఆ మాట ఆయన వినడం మొదటిసారి కాదు. ట్యూబ్‌లెస్ బండ్లు వచ్చాక ఆయన నీళ్ల తొట్టికి పని తగ్గింది. ‘‘ట్యూబు లేకుంటే ఏందిరా? గాలైతే ఉన్నది గద! అది ఏడికెల్లి పోతున్నదో దొరకబట్టాలె’’ అంటూ చక్రం విప్పాడు.

మందు ఎలా పనిచేస్తుందంటే...

ట్యూబ్‌లెస్ చక్రంలో గాలిని పట్టి ఉంచేవి టైరు, రిమ్ము, వాల్వ్... ఈ మూడే. లోపల పోసే తెల్లటి మందులో ఉండేది ఎక్కువగా రబ్బరు పాలే. ముల్లు గుచ్చుకుంటే గాలితోపాటు ఆ పాలు బెజ్జంలోకి తోసుకొస్తాయి. మర్రిపాలు గడ్డకట్టినట్టు అక్కడే గట్టిపడి దారి మూసేస్తాయి. మన బీళ్లలో దొరికే పల్లేరు కాయే అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లోనూ సైకిళ్లకు పెద్ద శత్రువు. అక్కడివాళ్లకూ ఈ మందే దిక్కు.

అయితే మందు అన్ని రోగాలకూ పనిచేయదు. పైగా కొన్ని నెలలకు ఎండిపోతుంది. మన ఎండలకు ఇంకా తొందరగా!

తాత కంప్రెసర్ ఆన్ చేశాడు. సన్న ముక్కు వాల్వ్‌కి పైపు పట్టలేదు. కుర్రాడు సంచిలోంచి చిన్న ఇత్తడి నాజిల్ తీసి బిగించాడు. చక్రం పెద్దది, తొట్టిలో మునగదు. అందుకని డబ్బాలో సబ్బునీళ్లు కలిపి, గుడ్డతో టైరంతా పూశాడు. టైరు మీద బుగ్గల్లేవు. అంచుల దగ్గరా లేవు. రిమ్ము దగ్గర ఒక పుల్ల మొదట్లో మాత్రం సన్నగా నురగ లేచింది.

‘‘దొరికింది తాతా! ఆడ గమ్ము పెట్టెయ్.’’

తాత వినలేదు. చక్రం ఇంకాస్త తిప్పాడు. వాల్వ్ మొదట్లోనూ బుగ్గలు. ఎదురుగా మరో పుల్ల దగ్గరా బుగ్గలు!

‘‘మూడు బెజ్జాలు ఒక్కపారే పడవు బిడ్డా. లోపట ఒక్కటే ఉంటది. వానకు ఇంట్ల నీళ్లు కారిన కాడనే పెంకు పగులుతదా?’’

అసలు కిటుకంతా అక్కడే ఉంది. రిమ్ము లోపల బోలుగా ఉంటుంది. పుల్లలు బిగించే రంధ్రాలను కప్పుతూ లోపలివైపు ఒక టేపు చుడతారు. అది ఎక్కడ చిరిగినా గాలి బోలులోకి దూరి, చుట్టూ తిరిగి, దొరికిన సందులోంచి బయటపడుతుంది. బుగ్గ కనిపించిన చోట ఎంత గమ్ము పూసినా, ఎన్నిసార్లు మందు పోసినా దండగే.

టైరు ఊడదీశారు. తెల్లటి మందును ఓ డబ్బాలోకి వంచారు. వాల్వ్‌కి జానెడు దూరంలో టేపు గోరంత చిరిగి ఉంది. టైరు ఎక్కించేటప్పుడు రేకు తగిలి ఉంటుంది. బుగ్గలు వచ్చిన ఏ చోటికీ అది దగ్గర కాదు!

అప్పటికప్పుడు టేపు లేదు. కుర్రాడి సీటు కింది సంచిలో మాత్రం అత్యవసరానికి కొన్న ట్యూబు ఉంది. ‘‘సూడు, ట్యూబ్‌లెస్ సైకిల్‌కూ ట్యూబే దిక్కాయె!’’ అని తాత పకపకా నవ్వాడు. ట్యూబు వేసే ముందు టైరు లోపల గుడ్డతో మెల్లగా తుడిచాడు. గుడ్డ రెండుచోట్ల పట్టుకుంది. రెండు ముళ్లు! మందు ఇన్నాళ్లూ వాటి చుట్టూ గాలిని ఆపింది. చూసుకోకుండా ట్యూబు వేసి ఉంటే గేటు కూడా దాటేది కాదు.

నూట ముప్ఫై ఏళ్ల ప్రయాణం

సైకిళ్లకు గాలి టైరు వచ్చిందే ఓ పిల్లాడి కోసం. బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరుగా ఉన్న జాన్ బాయ్‌డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిల్ కుదుపులు తగ్గించాలని చేసిన ప్రయత్నమది. 1888లో పేటెంటు వచ్చింది. కార్లకు ట్యూబ్‌లెస్ టైరు రూపొందించిన గుడ్రిచ్ కంపెనీ ఇంజినీరు ఫ్రాంక్ హెర్జెగ్‌కు 1952లో పేటెంటు దక్కింది. మౌంటెన్ సైకిళ్లకు 1999లో ఫ్రాన్స్‌కు చెందిన మావిక్, హచిన్సన్, మిషెలిన్ కంపెనీలు ఈ పద్ధతి తెచ్చాయి. ఆ తొలి రిమ్ముల లోపలి గోడకు పుల్లల రంధ్రాలే ఉండేవి కావు, టేపుతో పనిలేదు. తర్వాత మామూలు రిమ్ములకే టేపు చుట్టి వాడటం వ్యాపించింది. దాంతోపాటే ఈ చిక్కూ వచ్చింది.

ఆదివారం కుర్రాడు టేపుతో వచ్చాడు. ఇద్దరూ కలిసి పాత టేపు పీకారు. రిమ్మును స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టారు. రిమ్ము లోపలి వెడల్పుకు సరిపోయే కొత్త టేపును ముడత పడకుండా, గట్టిగా లాగుతూ రెండు చుట్లు వేశారు. వాల్వ్ కోసం చిన్న బెజ్జం చేసి, నట్టు చేత్తోనే బిగించారు. మందు పోసి, టైరును ఈసారి రేకు లేకుండా చేతులతోనే ఎక్కించారు. కంప్రెసర్ గాలి ఒక్కసారిగా దూకేసరికి టైరు అంచులు టక్... టక్‌మని రిమ్ములో కూర్చున్నాయి. తాత ఉలిక్కిపడి, తర్వాత మురిసిపోయాడు. మందు అంతటా అంటేలా చక్రాన్ని ఊపి, కాసేపు ఒకవైపు, కాసేపు ఇంకోవైపు పడుకోబెట్టారు. మళ్లీ సబ్బునీళ్లు పూశారు. ఒక్క బుగ్గ కూడా లేదు.

మర్నాడు షిఫ్టు అయ్యాక కుర్రాడు వేలితో టైరు నొక్కి చూశాడు. రాయిలా ఉంది. అమ్మకం మాట మరిచిపోయి నేరుగా షాపుకొచ్చి డబ్బులు ఇవ్వబోయాడు.

తాత పంక్చర్‌కు తీసుకునేదే తీసుకుని, మిగతాది తిరిగి ఇచ్చేశాడు. ‘‘అసుంటి టేపు ఇంకో చుట్ట తెచ్చిపెట్టు బిడ్డా... షాపుల ఉంటది’’ అన్నాడు.