పనులైనంక వస్తం దాదా

 

దీపావళి దగ్గర పడుతున్నది. పోయినేడు ఇదే టైంలో మేం ముగ్గురం ఉస్మాన్‌గంజ్‌లో పని ఇడిసిపెట్టి దండారికి ఊరికి పోయినం. ఆ సంగతి గ్రూపులో చాలామంది అడిగిన్రు. "చేతిల ఉన్న పని ఎట్ల ఇడిసిన్రు రా" అని కొందరు, "మేం గూడ పోవాల్నా వద్దా" అని ఇంకొందరు. ఒక్కొక్కరికి వాయిస్ మెసేజ్ పెట్టుడు కన్నా ఒక్కసారే రాస్తే అయిపోతదనుకున్నం. పోస్టు పెద్దగనే అయితది, ఓపికతోని చదవండి.

మాది జైనూర్ మండలంలో ఒకటే గూడెం. ఒకే హాస్టల్, ఒకే రూము. మా మూడిండ్లల్ల పదో తరగతి దాటి కాలేజీ మొఖం చూసింది మేమే. అట్ల చూసినోళ్లకు ఏమయితదో మీకు చెప్పాల్సిన పని లేదు. ఆధార్‌లో పేరు తప్పు పడితే మేమే, బ్యాంకు మెసేజ్ చదవాలంటే మేమే, రైతుబీమా కాయితం అంటే మేమే. రాత్రి 11 గంటలకు "తమ్మీ, ఫారం నింపి పెట్టు, రేపే ఆఖరు తారీఖు" అని మెసేజ్ పెట్టే అన్నలు ఈ గ్రూపులో గూడ ఉన్నరు. కోపానికి రావద్దు.

సాయంత్రం క్లాసులు కాంగనే ఉస్మాన్‌గంజ్‌కు పోయేటోళ్లం. ఒక డ్రైఫ్రూట్ హోల్‌సేల్ దుకాణంలో 4 నుంచి రాత్రి 10 దాకా పని, పూటకు 200. హైదరాబాద్ చూడని తమ్ముళ్ల కోసం చెప్తున్నం, మొజంజాహీ మార్కెట్ నుంచి అఫ్జల్‌గంజ్ దిక్కు నడిస్తే వచ్చే బజారు అది. ఆ పక్కనే బేగంబజార్. సందుల నిండ ట్రాలీ ఆటోలు, బస్తాలు, హమాలీల కేకలు. మొదటి వారం ఎండుమిర్చి ఘాటుకు తుమ్ముకుంటనే బాదం డబ్బాలు తూకం వేసినం. ఇంకో మాట. మొజంజాహీ మార్కెట్ 1935లో కట్టిన్రు, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రెండో కొడుకు పేరు మీద. ఆ తర్వాత ఐదేండ్లకే, 1940లో, అదే నిజాం పోలీసుల తుపాకులకు జోడేఘాట్‌లో మన కుమ్రం భీం ఒరిగిపోయిండు. రోజూ ఆ గడియారం కింది నుంచే పనికి పోయేటోళ్లం, ఈ లెక్క మాత్రం చాన్నాళ్ల దాకా తట్టలేదు.

ఒకనాడు దుకాణంలో గిరాకీ లేనప్పుడు పాత బిల్లు వెనక మాకు ఏమేం పనులు మీద పడ్డయో రాద్దామని కూసున్నం. ఇంటికి పంపే పైసలు, దుకాణం, బ్యాక్‌లాగ్ పరీక్షలు, ఊరినుంచి దవాఖానకు వచ్చేటోళ్లను లైన్ల నిలవెట్టి డాక్టర్ దగ్గరికి తీస్కపోవుడు, సంఘం మీటింగులు, హాస్టల్‌ల బర్త్‌డే కేకుకు తలా 100, దోస్తు ఫోన్ ఈఎంఐకి జమానతు, ఆసక్తి లేకున్నా "సీటు పోతది" అని పోయే ఫ్రీ కోచింగు. బిల్లు నిండింది. వాటిల్ల మాకు ఖుషీ అనిపించేది ఏదన్నా ఉందా అని చూస్తే నవ్వొచ్చింది. ఆదివారం మొజంజాహీ మార్కెట్ల సీతాఫలం ఐస్‌క్రీం తినుడు ఒక్కటి దొరికింది. అది గూడ నెలకు ఒక్కసారి. మన అడివిల పిట్టలు తినంగ మిగిలిపోయే సీతాఫలాలకు ఇక్కడ పైసలు పెట్టి, ముగ్గురం ఒకటే కప్పు తీస్కుని తినేటోళ్లం.

అప్పుడు మా లెక్క ఏందంటే, ముందు అన్ని పనులు అయిపోవాలె, ఆ తర్వాత మన సంతోషం. డిగ్రీ కావాలె, ఉద్యోగం రావాలె, ఇంటి అప్పు తీరాలె, చెల్లెండ్ల పెండ్లిండ్లు కావాలె. మాకు అట్లనే నేర్పిన్రు, మేం గూడ అట్లనే నమ్మినం.

అక్టోబర్‌ల మా గూడెం నుంచి ఒక పెద్దాయన కండ్ల ఆపరేషన్ కోసం వచ్చిండు. వయసుల ఉన్నప్పుడు ఆయన గుస్సాడీ. దవాఖాన మెట్ల మీద కూసోని గోండిలనే అడిగిండు, దండారికి ఎప్పుడు వస్తున్నరని. "పనులైనంక వస్తం దాదా" అన్నం. ఆయన కోప్పడలే. పట్టీ కట్టిన కంటి మీద చెయ్యి పెట్టుకుని అడిగిండు, "పత్తి ఏరుడు అయినంకనే దండారి అంటే, మీ తాతలు ఎప్పుడన్నా ఆడేటోళ్లా?"

మేం జవాబు చెప్పలే. నిజమే గదా. దండారి వచ్చేది సరిగ్గా పత్తి మొదటి ఏరుడు మొదలయ్యే రోజులల్ల. చేన్ల పని నెత్తి మీద ఉంటది, షావుకారు అప్పు నెత్తి మీద ఉంటది. అయినా గుమేల చప్పుడు వినంగనే ఊరు ఊరంత లేస్తది, పక్క గూడేనికి విందుకు పోతది, వాళ్లు మనకాడికి వస్తరు. పని అయిపోయిందా అని ఎవ్వరూ అడగరు. మన పెద్దలు పండుగను ముందు పెట్టుకున్నరు, పనిని దాని చుట్టూ సర్దుకున్నరు. మేం పట్నం వచ్చి దాన్ని తిరగేసినం.

అయినా అప్పుడు గూడ పోదామనుకోలే. దీపావళి ముందు పది రోజులు దుకాణంలో డబుల్ కూలి, పూటకు 400. పండుగనాడు తలా 1,000 ఇనాం. "ఈ పది రోజులల్ల పోయినోడు మళ్ళ రావద్దు" అని సేఠ్ ముందే చెప్పిండు. ఆయన చెడ్డోడు కాదు, రోజూ చాయ్ తాపేటోడు. ఆయనకు గూడ ఆ రాత్రే పెద్ద పండుగ, లక్ష్మీపూజ చేసి కొత్త ఖాతా బుక్కు తెరుస్తడు. కాకపోతే ఆయన పండుగ మాకు డ్యూటీ, మా పండుగ ఆయనకు నాగా.

2024 అక్టోబరు 25, శుక్రవారం. గిఫ్టు డబ్బాలకు రిబ్బన్లు కడుతుంటే ఫోన్ల మెసేజ్ వచ్చింది. మర్లవాయి గుస్సాడీ కనకరాజు దాదా పోయిండని. 2021ల పద్మశ్రీ వచ్చినప్పుడు మేం చిన్నోళ్లం, ఊరంత పండుగ చేసుకున్నది యాదికుంది. ఎంతమందికి నేర్పిండో ఆయన! మర్లవాయి మాకు దగ్గర్నే ఉంటది. "ఎప్పుడన్నా పోయి ఆయన దగ్గర నాలుగు అడుగులు నేర్చుకుందాం" అని మాలో ఒకడు ఇంటర్ నుంచి అంటనే ఉన్నడు. ఎప్పుడు? పనులైనంక.

ఆ రాత్రి రూముకు పోయినంక ఎక్కువ మాట్లాడుకోలే. తెల్లారి సేఠ్‌కు చెప్పినం. అప్పటిదాకా చేసిన కూలి లెక్కగట్టి చేతిల పెట్టిండు, "ఇక మీరు రానక్కర లేదు" అన్నడు. రాత్రి బస్సెక్కి ఆదివారం పొద్దుగాల ఉట్నూరుల దిగినం. కనకరాజు దాదా అంత్యక్రియలు అప్పటికే అయిపోయినయి, ప్రభుత్వ లాంఛనాలతోని చేసిన్రు. అందుకోలేకపోయినం.

దండారి గురించి మీకు వర్ణించి చెప్పేదేముంది. ఒక్కటి చెప్తం. మాలో ఒకడు మొదటిసారి గుస్సాడీ కట్టిండు. ఒంటికి బూడిద పూసుకుని, నెమలీకల టోపీ నెత్తిన పెట్టుకున్నంక వాని కాళ్లు మా కాళ్ల లెక్క లేవు. ఆరేడు నెలల సంది రాత్రి పదింటి దాకా నిలబడి నడుము నొస్తుందని రోజూ మొత్తుకునేటోడు, తెల్లందాక ఆడిండు. పక్క గూడెంల విందు తిని వాకిట్లనే పన్నం. ఐదు రోజులు ఎవ్వరి ఫారం నింపలే. సిగ్నల్ గూడ సరిగ రాలే, మంచిదే అయింది.

ఇప్పుడు పైసల సంగతి, ఎందుకంటే చాలామంది అడిగింది అదే. ఆరు పూటలకు 2,400, ఇనాం 1,000, తలా 3,400. ముగ్గురికి కలిపి 10,200 పోయినయి. బస్సు కిరాయిలు వేరే. తిరిగొచ్చినంక నెలకు పైగా ఇద్దరికి పని దొరకలే, ఇంటికి పైసలు పంపలే. బాపులు ఏమీ అనలే. వాళ్లు తిట్టినా ఇంతకంటే తేలికగ ఉంటుండె.

దాచిపెట్టొద్దనే ఇంకోటి గూడ రాస్తున్నం. మాలో ఒకని అక్క ఉన్నది, మా ముగ్గురికీ అక్కనే. ఆ నెల మేం పంపే పైసలు తక్కువ పడ్డయని ఆమె దండారిల మూడు రోజులు వేరేటోళ్ల చేన్ల పత్తి ఏర్నీకి కూలికి పోయింది. తమ్ముడు గుస్సాడీ కట్టి ఆడింది ఆమె చూడలే. తిరిగి వచ్చే రోజు బస్సు దగ్గర చెప్పింది, "నేను గూడ చూద్దామనుకున్న రా" అని. ఏడ్వలే, నవ్వుకుంటనే చెప్పింది. మా సంతోషాన్ని మేం ముందు పెట్టుకున్నం అనుకుంటే, దాని బరువు పోయి ఆమె నడుము మీద పడ్డది. "మీ ఖుషీ మీరు చూస్కోండి, మిగతావి ఇడిసిపెట్టండి" అని ఫోన్ల రీల్స్ చేసి చెప్పేటోళ్లకు అక్క ఉండదేమో మరి.

అయితే పోయి తప్పు చేసినమా? లేదు. మళ్ళ ఆ రాత్రి వస్తే మళ్ళ పోతం. కాకపోతే ఆ బిల్లు వెనక రాసుకున్న పనులను మళ్ళొకసారి ముందటేసుకున్నం. కోచింగు మానేసినం. కేకుల పైసలు, జమానతులు బంద్. సంఘంలో పదవి వద్దన్నం, సభ్యులుగ ఉంటం. ఫారాలు ఆదివారం పొద్దున మాత్రమే, ఆఖరు తారీఖు మీరే చూస్కోవాలె. దవాఖానకు తోడు పోవుడు మాత్రం ఇడిసిపెట్టలే. అది భారమని రాసుకున్నం గానీ, ఆలోచిస్తే ఈ పట్నంల మాకు గోండి వినపడేది ఆ మెట్ల మీదనే. వంతులు వేసుకున్నం, అంతే. రాత్రి పని బదులు ఇప్పుడు ఇద్దరం పొద్దున కూరగాయల దగ్గర, ఒకడు మెస్‌ల చేస్తున్నం. పైసలు కొంచెం తక్కువే. సాయంత్రాలు అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి పోతున్నం. 1891ల మొదలైన లైబ్రరీ అది, దుకాణం నుంచి నడిచిపోయేంత దూరం. పనిచేసినన్ని రోజులు ఒక్కసారన్న లోపలికి పోలే. ముగ్గురిల ఇద్దరికి బ్యాక్‌లాగులు పోయినయి, ఒకనికి ఇంకొకటి ఉన్నది, వాడే ఈ పోస్టుకు తప్పులు దిద్దుతున్నడు.

ఈసారి గూడ పోతున్నం. జూన్ నుంచి రూముల ఒక బాదం డబ్బా పెట్టినం, పాత దుకాణందే. అందుల అక్కకు ఆరు రోజుల కూలి జమ చేస్తున్నం. ఇంక 250 తక్కువున్నయి. మొన్న ఫోన్ చేసి చెప్పినం, ఈసారి చేనుకు పోవద్దని. "పైసలు ముందు పంపున్రి, తర్వాత చూద్దాం" అన్నది.