రావి ఆకు మీద కొత్త సంవత్సరం

డిసెంబరు ఆఖరు వారం. తెల్లవారుజామున సత్తుపల్లిలో దిగి దమ్మపేట బస్సెక్కితే, కిటికీ అద్దం మీద మంచు చెమట పట్టినట్టు కారుతుంది. చేత్తో తుడిచి చూస్తే రోడ్డుకి అటూ ఇటూ పామాయిల్ తోటలే. గొడుగులు విప్పినట్టున్న చెట్లు, మొదళ్ల దగ్గర కోసి పడేసిన గెలలు, వాటిని ఎత్తుకోవడానికి ఆగిన ట్రాక్టర్లు. మధ్యలో మామిడి, జీడిమామిడి తోటలు. వాటి వెనక, దూరంగా, నీలంగా... అడవి.

నా ఒళ్లో ఒక సంచి. సంచిలో రెండు అట్టముక్కల మధ్య జాగ్రత్తగా పెట్టిన గ్రీటింగ్ కార్డు. కొన్నది కాదు, చేసింది. చేరాల్సిన చోటికి పాతికేళ్లు ఆలస్యంగా బయల్దేరిన కార్డు!

దమ్మపేట పేరు వినగానే ఇప్పుడు చాలామందికి గుర్తొచ్చేది పామాయిలే. తెలంగాణలో ఈ పంట బాగా విస్తరించిన ప్రాంతం దమ్మపేట, అశ్వారావుపేట. ఈ మండలంలోని అప్పారావుపేటలో 2017లో పామాయిల్ ఫ్యాక్టరీ కూడా మొదలైంది. కానీ నేను ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకున్న రోజుల్లో ఊరు దాటితే చాలు, టేకు, మద్ది, ఇప్ప చెట్లు పలకరించేవి. క్లాసులో కోయ గూడేల నుంచి వచ్చిన పిల్లలూ, కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ పొలాలు చేసుకుంటున్న కుటుంబాల పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. నా పక్కన కూర్చునేవాడు గోదారి ఒడ్డు నుంచి వచ్చాడు. వేలేరుపాడు వైపు ఏదో చిన్న ఊరు. ఈ కథలో కార్డు వాడికే.

అర్ధరూపాయి హీరోలు

మీలో నలభై దాటిన వాళ్లకి గుర్తుండే ఉంటుంది. డిసెంబరు ఇరవై వచ్చిందంటే పుస్తకాల షాపు ముందు తాడు కట్టి, దానికి గ్రీటింగ్ కార్డులు తోరణంలా వేలాడదీసేవారు. గులాబీలు, సూర్యోదయాలు, పావురాలు ఒకవైపు. మన హీరోలు ఇంకోవైపు! చిరంజీవి కార్డుకీ బాలకృష్ణ కార్డుకీ మధ్య తరగతి గదిలో జరిగిన యుద్ధాలు ఇన్నీ అన్నీ కావు. పోస్టుకార్డు సైజువి అర్ధరూపాయి, మడతపెట్టేవి రూపాయి, రెండు రూపాయలు. తెరిస్తే పాట పాడే కార్డు కొనగలిగినవాడు మా దృష్టిలో జమీందారే.

హాస్టల్ పిల్లల దగ్గర అర్ధరూపాయి కూడా ఉండేది కాదు. ఉన్నా దాన్ని జీళ్లకి దాచుకునేవాళ్లం. మరి పంచాల్సిన వాళ్లేమో బోలెడుమంది. లెక్కల మాస్టారు, తెలుగు మాస్టారు, వార్డెన్ గారు, వంటమనిషి అమ్మ, ఊళ్లో బావ, పక్క సెక్షన్ మిత్రుడు... ఏం చేస్తాం? తయారుచేసుకోవడమే!

అడవే అంగడి

నోటుపుస్తకం వెనక అట్ట, పాత శుభలేఖల ఖాళీ వైపు, మందుల పెట్టెల లోపలి తెల్లదనం... ఇవే మా డ్రాయింగ్ షీట్లు. జిగురు కావాలంటే తుమ్మచెట్టు ఉంది. అదీ దొరక్కపోతే పొద్దున అన్నంలోంచి నాలుగు మెతుకులు. లేత టేకాకుని నలిపితే అరచేయి ఎర్రబడుతుంది, ఆ ఎరుపే గులాబీకి. పసుపు వంటింట్లోది. ఉగాది కార్డులకైతే మోదుగ పూల నారింజరంగు. క్రిస్మస్ తాత గడ్డానికి దిండులోంచి లాగిన బూరుగు దూది. ఆ దిండు ఎవరిదో వార్డెన్ గారికి చివరి వరకూ తెలియలేదు!

బెండకాయని అడ్డంగా కోసి సిరాలో ముంచి అద్దితే అయిదు రేకుల పువ్వు పడుతుంది. సిరాలో తడిపిన దారాన్ని మడత కాగితం మధ్య పెట్టి లాగితే నెమలిపింఛం లాంటి బొమ్మ వస్తుంది. కాగితం మీద ఆకుని పరిచి, పళ్లు తోముకునే బ్రష్షుని రంగులో ముంచి, దువ్వెన మీద రుద్దితే చుట్టూ తుంపర పడి ఆకు ఆకారం తెల్లగా మిగిలిపోతుంది. ఈ విద్యలు ఎవరు నేర్పారంటే చెప్పలేం. పై క్లాసు నుంచి కింది క్లాసుకి అలా దిగివచ్చేవంతే.

అన్నిటికంటే గొప్పది రావి ఆకు. మరీ లేతగా లేని ఆకుని కుండలో నీళ్లుపోసి నానబెట్టాలి. మూడు నాలుగు వారాలు ఓపిక పట్టాలి. మధ్యమధ్యలో నీళ్లు మార్చాలి, లేకపోతే ఆ వాసనకి హాస్టలంతా ఖాళీ! ఆకుపచ్చని కండ కుళ్లి మెత్తబడ్డాక మెత్తటి బ్రష్షుతో నెమ్మదిగా తోస్తే అదంతా జారిపోయి, ఈనెల వల ఒక్కటే మిగులుతుంది. దాన్ని పేపరు మడతల్లో ఆరబెట్టి, దాని మీద బొమ్మ వేసి, కార్డుకి అతికిస్తే అవతల వెలుతురు కనిపిస్తుంది. మా వాడు అందులో దిట్ట. పట్టుమని పది ఆకుల్లో నాకు ఒకటి దక్కితే గొప్ప, వాడికి తొమ్మిది వచ్చేవి.

'జనవరి ఒకటి మాకు పండగేంటిరా? కొత్త పంట ఇంటికొచ్చి కొత్తల పండగ చేస్తేనే మాకు కొత్త' అనేవాడు. అంటూనే అందరికంటే ఎక్కువ కార్డులు చేసేవాడు.

కాగితం లేకపోయినా...

ఈ కార్డుల ముచ్చట మనది కాదు, ఎక్కడిదో లండన్‌ది. 1843లో హెన్రీ కోల్ అనే పెద్దమనిషికి క్రిస్మస్ ఉత్తరాలకి జవాబు రాసే తీరిక లేకపోయింది. చిత్రకారుడు జాన్ హార్స్‌లీతో ఒక బొమ్మ వేయించి వెయ్యి కార్డులు అచ్చొత్తించాడు. ఒక్కోటి ఒక షిల్లింగు. అంటే, అచ్చు కార్డు పుట్టిందే తీరిక లేక అన్నమాట! మేం తయారుచేసిన కార్డుల్లో ఉన్నదేమో పూర్తిగా తీరికే.

మా హాస్టల్‌కి దగ్గరి చుట్టం లాంటి కథ ఇంకొకటుంది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక చెకోస్లోవేకియాలో జిట్కా సంకోవా అనే ఏడేళ్ల పాప, తన ఊరికి సాయం చేసిన యునిసెఫ్‌కి కృతజ్ఞతగా ఒక బొమ్మ వేసింది. కాగితం దొరక్క గాజుపలక మీద వేసింది. ఆడుతూ పాడుతున్న పిల్లల బొమ్మ. 1949లో యునిసెఫ్ అచ్చువేసిన మొదటి గ్రీటింగ్ కార్డు అదే.

కాగితం లేనిచోట గాజు. డబ్బు లేనిచోట రావి ఆకు.

ఇల్లు కదల్లేదు, చిరునామా కదిలింది

టెన్త్ అయ్యాక ఎవరి దారి వాళ్లదైంది. నేను ఖమ్మం, అక్కడి నుంచి హైదరాబాద్. వాడు ఊరికి వెళ్లిపోయాడు. ఏటా జనవరి మొదటి వారంలో కవరు వచ్చేది. అంటించకుండా మూత లోపలికి మడిచి, పైన 'బుక్ పోస్ట్' అని రాసి ఉండేది. అలా అయితే స్టాంపు ఖర్చు తక్కువ కదా! లోపల రావి ఆకు. మొత్తం ఏడు వచ్చాయి. మొదటి మూడింటికి షాపులో కొన్న కార్డులతో జవాబిచ్చాను. తర్వాత ఉద్యోగం, ఫోన్లు... వచ్చే ఏడు రాద్దాంలే అనుకున్నాను. వాడు 1998 దాకా పంపి, ఆపేశాడు.

మొన్న ఇల్లు మారుతుంటే పాత ట్రంకుపెట్టెలో ఆ ఏడూ దొరికాయి. ఆకులు చెక్కుచెదరలేదు. జవాబు ఇవ్వాలనిపించింది. బాల్కనీలో బకెట్ పెట్టి రావి ఆకులు నానబెడితే మొదటి విడత పూర్తిగా కుళ్లిపోయింది. రెండో విడతలో ఒకటి దక్కింది. కార్డు సిద్ధం. కవరు మీద ఏం రాయాలి? పాత కవరు మీద 'ఖమ్మం జిల్లా' అని ఉంది. ఇప్పుడక్కడ ఖమ్మం జిల్లా లేదు!

ఈ సరిహద్దు ఊళ్ల సంగతే అంత. దమ్మపేటనే తీసుకోండి. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడేదాకా వరంగల్ జిల్లా. 2016 అక్టోబరు నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. పిన్‌కోడ్ మాత్రం ఇప్పటికీ ఖమ్మం నాటి 507తోనే మొదలవుతుంది. ఇక కుక్కునూరు, వేలేరుపాడు మండలాలకైతే రాష్ట్రమే మారింది. పోలవరం ముంపు కారణంగా 2014లో అవి ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. మొదట పశ్చిమ గోదావరి, 2022లో ఏలూరు జిల్లా. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరి ఊళ్లు రెండు రాష్ట్రాలయ్యాయి. ఇళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి... కనీసం నేను అలాగే అనుకున్నాను. అందుకే కార్డుని చేత్తో ఇచ్చేద్దామని బయల్దేరాను.

గోదారి తీసుకెళ్లినవి

దమ్మపేటలో టీ తాగి, అశ్వారావుపేట మీదుగా కుక్కునూరు రోడ్డు పట్టాను. తోటలు పల్చబడి అడవి దగ్గరవుతుంది. అక్కడెక్కడో రాష్ట్రం మారుతుంది. బోర్డు చదివితే తప్ప తెలియదు. అవే చెట్లు, అదే యాస.

కుక్కునూరు సెంటర్లో ఊరి పేరు చెప్పి అడిగితే కొట్టు ముందు కూర్చున్న పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు. 'ఆ ఊళ్లో ఇప్పుడెవరున్నారు బాబూ? ఇరవై రెండు వరదకి ఇళ్లు మునిగిపోయినయ్. తర్వాత కాలనీకి ఎళ్లిపోయారు' అన్నాడు.

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తర్వాత అంత నీరు రావడం అదే. కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో ఊళ్లకి ఊళ్లే నీళ్లలో నిలబడ్డాయి. ముంపు ఊళ్ల నుంచి చాలా కుటుంబాలు జంగారెడ్డిగూడెం వైపు కట్టిన పునరావాస కాలనీలకి చేరాయి.

పెద్దాయన ఎవరికో ఫోన్ చేశాడు. అవతలి మనిషి ఇంకెవరికో చేశాడు. అరగంటలో కాలనీ పేరు, ఇంటి నంబరు నా చేతిలో ఉన్నాయి. మావాడి ఫోన్ నంబరు కూడా ఇవ్వబోయారు. వద్దన్నాను. ఫోన్ చేస్తే కార్డు ఇవ్వడం ఇంకో పాతికేళ్లు వాయిదా పడుతుందని నాకు తెలుసు!

సారపాక దాటి...

ఆ రోజు అక్కడి నుంచి బూర్గంపాడు మీదుగా భద్రాచలం వెళ్లాను. గోదారి వంతెనకి ఇవతల సారపాక. 1979లో భద్రాచలం పేపర్‌బోర్డ్స్‌గా మొదలై, 2002లో ఐటీసీలో కలిసిన పెద్ద కాగితపు మిల్లు ఇక్కడే ఉంది. జామాయిల్, సుబాబుల్ కర్ర లోడ్లతో లారీలు బారులు తీరి కనిపిస్తాయి. ఈ చుట్టుపక్కల రైతులకి పామాయిల్ ఎలాగో జామాయిల్ అలాగ. అదే ఐటీసీ 2000లో 'ఎక్స్‌ప్రెషన్స్' పేరుతో గ్రీటింగ్ కార్డులు కూడా తెచ్చింది. ఇంత దగ్గర్లో అట్టలు టన్నులకొద్దీ తయారవుతుంటే, మేం మందుల పెట్టెలు చింపుకునేవాళ్లం అని తల్చుకుంటే నవ్వొచ్చింది.

భద్రాచలంలో ముక్కోటి సందడి. రాముడి గుడి దగ్గర ఒక విషయం తెలుసుకోదగ్గది. శ్రీరామనవమికి రాలేనివాళ్లకి కల్యాణ తలంబ్రాలని 2022 నుంచి ఆర్టీసీ కార్గో ద్వారా ఇంటికే చేరుస్తున్నారు. దేవుడి పెళ్లి ఫోన్లో ప్రత్యక్షంగా చూసినవాళ్లు కూడా ఆ చిన్న పొట్లం కోసం గుమ్మం వైపు చూస్తారు. చూడటం వేరు, చేతికి అందడం వేరు కాబోలు.

పోస్టాఫీసుకి వెళ్లాను. కవరు మీద కొత్త చిరునామా రాశాను. ఈసారి కవరు అంటించాను. ఎందుకంటే లోపల కార్డుతోపాటు రెండు పేజీల ఉత్తరం ఉంది. చివర్లో నా నంబరు రాశాను.

తొమ్మిది రోజుల తర్వాత ఫోన్ మోగింది.

'ఏరా, ఆకు నువ్వే చేశావా? ఒక పక్క చిరిగింది' అన్నాడు. పాతికేళ్ల తర్వాత మొదటి మాట అదే! ఇద్దరం నవ్వుకున్నాం. ఉత్తరాలకి జవాబు ఎందుకు రాయలేదని వాడు అడగలేదు. నేనే చెప్పబోతే, 'పోనీలేరా' అన్నాడు. నేను పంపిన మూడు కార్డులు చాలాకాలం ఉంచాడట. వరదలో బీరువాతో సహా పోయాయట.

'నువ్వు కూడా ఒకటి పంపరా' అన్నాను.

కాస్త ఆగి అన్నాడు. 'పంపుతా. రావి ఆకు మాత్రం అడక్కు. ఈ కాలనీలో చెట్లన్నీ ఇంకా చిన్నవే.'

సంక్రాంతి వెళ్లిన వారానికి కవరు వచ్చింది. మూత లోపలికి మడిచి ఉంది. లోపల అట్టముక్క మీద వేపరెమ్మ ఆకారం. రంగు తుంపర మధ్య తెల్లగా, ఒక్కో ఆకూ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. వాళ్ల గుమ్మం ముందు వేసిన మొక్కదట. వెనక వాడి మనవరాలి చేతిరాతతో చిరునామా.

దాన్ని ఫోన్లో కాదు, డైరీలో రాసుకున్నాను. పెన్నుతో.