ఫోన్ ఖర్చు తగ్గించిన జేబు కెమెరా

ఈ రోజుల్లో విడిగా కెమెరా కొనడం దండగ కాదా అని ఎవరైనా అడిగితే, నేను ముందు వాళ్ల ఫోన్ ధర అడుగుతాను. ఇరవై వేల ఫోన్‌తో మాట్లాడుకోవచ్చు, యూపీఐలో డబ్బు పంపొచ్చు, బ్యాంకు యాప్ తెరవొచ్చు, రైలు టికెట్ తీసుకోవచ్చు. అరవై వేల ఫోన్‌తో మనం చేసేవీ చాలావరకు ఇవే. మధ్యలో ఉన్న నలభై వేలకు మన కంటికి ఆనే పెద్ద తేడా కెమెరాదే. షోరూంలో సేల్స్ కుర్రాడు అన్నిటికంటే ముందు ఎత్తుకునేదీ ఆ మాటే.

చిక్కల్లా ఆ కెమెరా ఫోన్‌తో పాటే ముసలిదైపోవడం. కొన్నేళ్లకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతాయి, బ్యాటరీ సాయంత్రం దాకా నిలవదు. డబ్బు వ్యవహారాలన్నీ అందులోనే ఉంటాయి కాబట్టి పాత ఫోన్‌ని పట్టుకుని వేలాడటం మంచిది కాదు. కెమెరా బాగానే పనిచేస్తున్నా ఫోన్ మార్చాలి, మళ్లీ కెమెరాకు కూడా డబ్బు పెట్టాలి. మా ఇంట్లో ఈ ముడి విప్పాలని నిర్ణయించుకున్నాం. ఫోన్ ఇరవై వేలు దాటకూడదు, ఫొటోలకు విడిగా ఒక చిన్న కెమెరా ఉండాలి. దానికోసం నెలకు 2,000 చొప్పున ఏడాది రికరింగ్ డిపాజిట్ కట్టాను.

ఎనిమిదేళ్లకు వేసుకున్న లెక్క ఇది. నాలుగేళ్లకోసారి అరవై వేల ఫోన్ అంటే 1,20,000. నాలుగేళ్లకోసారి ఇరవై వేల ఫోన్ అంటే 40,000. సెకండ్ హ్యాండ్ కెమెరా 19,000. రెండో బ్యాటరీ, ఛార్జర్, మెమరీ కార్డు, కవరు అన్నీ కలిపి మరో 3,000. మరమ్మతు కోసం పక్కన పెట్టింది 6,000. మొత్తం 68,000. తేడా 52,000. ఖరీదైన ఫోన్లకు ఎక్స్ఛేంజ్‌లో కాస్త ఎక్కువ వస్తుంది, నిజమే. దానికి ఇరవై వేలు తీసేసినా ముప్పై వేల పైచిలుకు మిగులుతుంది. మధ్యతరగతి ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. అయితే ఈ లెక్క నిలబడాలంటే, కొన్న కెమెరా ఫోన్ తీయలేని ఫొటో తీయాలి. అందుకే ఏ కెమెరా అన్నదాని మీద నేను ఎక్కువ సమయం పెట్టాను.

నేను కొన్నది సోనీ ఆర్ఎక్స్100 మొదటి మోడల్, 2012లో వచ్చింది. బ్యాటరీ, కార్డుతో కలిపి 240 గ్రాములు. చొక్కా జేబు కాస్త సాగుతుంది కానీ ప్యాంటు జేబులో, హ్యాండ్‌బ్యాగులో ఇట్టే పడుతుంది. అంతకు ముందు మామూలు జేబు కెమెరాల్లో ఎక్కువగా ఉండే సెన్సర్ విస్తీర్ణం 28 చదరపు మిల్లీమీటర్లు. దీనిలో పెట్టిన, ఒక అంగుళం రకం అని పిలిచే సెన్సర్ 13.2 × 8.8 మిల్లీమీటర్లు, అంటే 116 చదరపు మిల్లీమీటర్లు. నాలుగు రెట్లు. వానచినుకులు పట్టడానికి చెంబు పెట్టడానికీ బేసిన్ పెట్టడానికీ ఉన్న తేడా ఇదే. పడే వెలుతురు అంతే, పట్టేది ఎక్కువ. ట్యూబులైటు వెలుగులో వంటింట్లో ఉన్న అమ్మ ముఖం గింజలు గింజలుగా కాకుండా నునుపుగా వచ్చేది అందుకే. మెగాపిక్సెళ్ల మాట నమ్మి డబ్బు పెట్టొద్దు. నాలుగు బై ఆరు ప్రింటుకు 22 లక్షల పిక్సెళ్లు చాలు, ఎనిమిది బై పన్నెండు ప్రింటుకు 86 లక్షలు. ఈ కెమెరా ఇచ్చే రెండు కోట్లు ఏ ఇంటి గోడకైనా ఎక్కువే.

సెన్సర్ తర్వాత చూడాల్సింది లెన్సు. ఇక్కడ చాలామంది పెట్టె మీద రాసిన మొదటి అంకె మాత్రమే చూస్తారు. ఆర్ఎక్స్100 లెన్సు జూమ్ చేయనప్పుడు ఎఫ్/1.8, పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్/4.9. అంటే జూమ్ చివర్లో లోపలికొచ్చే వెలుతురు ఏడో వంతుకు పడిపోతుంది. పుట్టినరోజులు, పండగలు, ప్రయాణాలు మన అవసరమైతే దీనివల్ల ఇబ్బంది లేదు, రెండడుగులు దగ్గరికి వెళ్లి తీసుకుంటాం. కానీ స్కూల్ వార్షికోత్సవంలో పిల్ల స్టేజీ మీద కూచిపూడి ఆడుతుంటే మనం పదో వరుసలో కూర్చుంటాం. ముందుకు వెళ్లడం కుదరదు, పిల్ల కదలకుండా ఉండదు. అలాంటి అవసరం ఎక్కువగా ఉన్నవాళ్లకు నేను 2016లో వచ్చిన కేనన్ జీ7ఎక్స్ మార్క్ 2 చెబుతాను. సెన్సర్ అదే సైజు, జూమ్ చివర్లో కూడా లెన్సు ఎఫ్/2.8. ఆ చివర మూడు రెట్లు వెలుతురు. దాని స్క్రీన్ పైకి తిరిగి మన వైపు చూస్తుంది, వేలితో తాకి పని చేయించొచ్చు కూడా. బరువు 319 గ్రాములు, సెకండ్ హ్యాండ్‌లోనూ ధర బాగా ఎక్కువ. మా ఇంట్లో స్టేజీ అవసరం లేదు కాబట్టి ఆ పై డబ్బు నేను పెట్టలేదు.

ఫ్లాష్ సంగతి కూడా చెప్పాలి. ఫోన్ వెనకున్న ఎల్ఈడీ దీపం ఫొటో తీసినంతసేపూ వెలుగుతుంది, అయినా పలచగా ఉంటుంది. కెమెరా జెనాన్ ఫ్లాష్ సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువసేపు మెరిసి కదలికను ఆపేస్తుంది. రాత్రి పెళ్లిలో తలంబ్రాలు గాల్లో ఉండగా పట్టాలంటే ఆ మెరుపు కావాలి. ఎండలో పందిరి కింద నిలబడ్డవాళ్ల ముఖాల మీది నీడలు పోవడానికీ పనికొస్తుంది.

ఫోన్ నెగ్గే చోట్లూ ఉన్నాయి, వాటిని దాచి ఎవరికీ కెమెరా సిఫారసు చేయను. చీకట్లో కదలని దృశ్యాన్ని ఫోన్ వరసగా చాలాసార్లు తీసి, అన్నిటినీ కలిపి ఒకటి చేస్తుంది. గోపురం మీద దీపాలు అందులోనే బాగుంటాయి. నడుస్తూ తీసే వీడియో కూడా ఫోన్‌లోనే తక్కువ ఊగుతుంది. తీసిన క్షణంలో పంపడం మరీ తేలిక. నా కెమెరాలో వైఫై లేదు, కార్డు రీడరుతో ఫోన్‌లోకి తెచ్చుకోవాలి. ఫొటోలన్నీ పగటి వెలుగులో తీసి వాట్సాప్‌లో పంపేసి మరిచిపోయేవాళ్లకు ఏ కెమెరా అయినా అనవసర ఖర్చే. ఆ యాప్ మామూలుగా ఫొటోను కుదించి పంపుతుంది, మనం కొన్న నాణ్యతలో చాలా భాగం అక్కడే పోతుంది.

ఈమధ్య కాలేజీ పిల్లలు 2000ల నాటి చిన్న డిజిటల్ కెమెరాల మీద మోజు పడుతున్నారు. మా అన్నయ్య కూతురు కూడా అడిగింది. ఇంట్లో బీరువాలో ఉంటే హాయిగా వాడుకోమన్నాను, కొనేటట్లయితే మూడు వేలు దాటొద్దన్నాను. ఆ రంగులు, ఆ ఫ్లాష్ మెరుపు ఆ పిల్లకు నచ్చాయి, అది చాలు. కానీ చిన్న సెన్సర్‌కి పెద్ద ధర పెట్టకూడదు. 2010లో ప్రపంచవ్యాప్తంగా 12 కోట్ల డిజిటల్ కెమెరాలు ఫ్యాక్టరీలనుంచి బయటికొచ్చాయి, అత్యధికం జేబు కెమెరాలే. 2023లో జేబు కెమెరాలు 17 లక్షలు. కొత్తవి రావడం ఇంతగా తగ్గితే, పాతవాటికి డిమాండ్ పుట్టినప్పుడల్లా ధర అసలు విలువను దాటేస్తుంది.

నేను కొన్నది హైదరాబాద్ కోఠిలో, గుజరాతీ గల్లీ దగ్గర ఒక పాత కెమెరాల కొట్టులో. కొట్టాయన ఓపికమంతుడు. "మీరు తృప్తిగా చూసుకోండమ్మా, తర్వాతే బేరం" అన్నాడు. ఇలాంటి కెమెరాలో ముందుగా పోయేది బయటికీ లోపలికీ కదిలే లెన్సు. దాన్ని పదేపదే ఆన్ చేసి ఆఫ్ చేసి, జూమ్ చివరిదాకా తీసుకెళ్లి, కరకర శబ్దం వస్తుందేమో విన్నాను. సముద్రతీరంలో తిరిగిన కెమెరా అయితే ఇసుక రేణువులు అక్కడే చేరతాయి. ఎఫ్/11 పెట్టి తెల్ల గోడను తీసి, ఫొటోలో బూడిద మచ్చలు ఉన్నాయేమో చూశాను. ఉంటే లోపల దుమ్ము చేరినట్టే, విప్పదీస్తే తప్ప పోదు. టార్చి వేసి లెన్సులో సాలెగూడులాంటి ఫంగస్ వెతికాను. మన కోస్తా జిల్లాల తేమకు ఇది మామూలు. బ్యాటరీ గదిలో తుప్పు, ఫ్లాష్ లేచే తీరు, మెనూ భాష కూడా చూడాలి. జపాన్ మార్కెట్ కోసం చేసిన సోనీలు తక్కువకు దొరుకుతాయి కానీ మెనూ జపనీస్‌లోనే ఉంటుంది, మార్చడం కుదరదు.

కొత్తదే కావాలనుకునేవాళ్లు 2019 జనవరి నుంచి డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గిందని గుర్తుంచుకుని, బిల్లు తీసుకుని, భారతదేశంలో చెల్లే వారంటీ ఉందో లేదో అడగాలి. నో కాస్ట్ ఈఎంఐ అన్న బోర్డు చూసి తొందరపడొద్దు. వడ్డీ లేని వాయిదా అన్నదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. సాధారణంగా కొట్టువాళ్లు వడ్డీ మొత్తాన్ని డిస్కౌంటుగా ఇస్తారు. బ్యాంకు ఆ వడ్డీ వేసి, దానిమీద 18 శాతం జీఎస్టీ, పైన ప్రాసెసింగ్ ఫీజు కూడా వసూలు చేస్తుంది. మొత్తం ఒకేసారి ఇస్తే ఎంత తగ్గిస్తారని అడిగి చూడండి, అసలు వడ్డీ ఎంతో అక్కడే తెలుస్తుంది. కెమెరాకు పెట్టబోయే డబ్బు యాభై వేలు అనుకుంటే, దాన్ని ఏడు శాతం వడ్డీకి ఐదేళ్లు ఉంచితే డెబ్బై వేలవుతుంది. ఆ ఇరవై వేలు కూడా కెమెరా ధరలో భాగమే అనుకుని చూస్తే, చాలామంది సెకండ్ హ్యాండ్ వైపు వస్తారని నా నమ్మకం.

పాత మోడల్ కొన్నా నాకు ధీమా ఇచ్చింది దాని బ్యాటరీ. ఎన్‌పీ-బీఎక్స్1 అనే ఈ చిన్న బ్యాటరీనే ఆ వరసలో ఏడో మోడల్ దాకా వాడారు, కాబట్టి ఇంకా చాలా ఏళ్లు దొరుకుతుంది. ఛార్జింగ్‌కి పాత మైక్రో యూఎస్‌బీ తీగ చాలు. లెన్సు మోటారు పాడైతే ఏం చేయాలో ముందే అనుకున్నాను. 6,000 లోపు బాగైతే చేయిస్తాను, అది దాటితే అదే మోడల్ ఇంకొకటి వెతుకుతాను. ఆ డబ్బు విడిగా సేవింగ్స్ ఖాతాలో ఉంది. దానిమీద వచ్చే కాస్త వడ్డీతో దీపావళి తర్వాత ఆ ఏడాది ఫొటోల్లో మంచివి ఏరి ప్రింట్లు వేయిస్తున్నాను, ఒక సెట్టు మాకు, ఇంకోటి అత్తయ్యకు.