ఖర్చుల కాగితంలో ఇంకో గడి

జూన్ 23, 2025

మూడో ఏడాది వాళ్లకు ఆంట్రప్రెన్యూర్‌షిప్ క్లాసు ఈసారి నాకిచ్చారు. కెమిస్ట్రీ మేడమ్‌కు ఇదెందుకని స్టాఫ్‌రూంలో ఒకాయన అడిగారు. పటాన్‌చెరు చుట్టుపక్కల ఇన్నేళ్లుగా కెమిస్ట్రీయే వ్యాపారం, ఇంకెవరు చెప్పాలి అన్నాను.

జేఎన్‌టీయూలో చదివినవాళ్లందరికీ మెఫా పేపరు గుర్తుంటుంది. తర్వాత అది బెఫా అయింది. గిరాకీ సూత్రం, బ్రేక్ ఈవెన్, బ్యాలెన్స్ షీట్ అన్నీ అందులో ఉంటాయి. పరీక్ష ముందు రాత్రి చదివి గట్టెక్కే సబ్జెక్టని సీనియర్లు జూనియర్లకు చెబుతూ వస్తున్నారు. ఇవాళ బోర్డు మీద ఏమీ రాయలేదు. "ఇన్‌వాయిస్ చేత్తో పట్టుకుని చూసినవాళ్లెవరు?" అని అడిగాను. చేతులు పెద్దగా లేవలేదు. వెనక బెంచీలో ఒకమ్మాయి నిలబడి, "మా అమ్మ బీరంగూడలో టిఫిన్ సెంటర్ నడుపుతది మేడమ్. ఒక్క సిలిండర్ ఎన్ని ప్లేట్ల ఇడ్లీకొస్తదో చెప్పమంటే చెప్తా" అంది. చెప్పింది కూడా. పప్పు, రవ్వ, గ్యాస్, చట్నీ, మిగిలిపోయిన పిండితో సహా. ఆ తర్వాత యూనిట్ కాస్ట్ అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు.

జూన్ 30

పొద్దున పాశమైలారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో పేలుడు. మా పిల్లల్లో చాలామంది నాన్నలు, అన్నలు ఆ పారిశ్రామికవాడలోనే పనిచేస్తారు. ఫోన్లు కలిసేదాకా అందరం వరండాలోనే ఉన్నాం. క్లాసు జరగలేదు.

జూలై 9

మృతులు నలభై దాటారు. బిహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా నుంచి పనికి వచ్చినవాళ్లు ఎక్కువ. గుర్తుపట్టడానికి వీల్లేని దేహాలు. కుటుంబాలు డీఎన్‌ఏ పరీక్షల ఫలితాల కోసం కాచుకుని కూర్చున్నాయి.

క్లాసులో వేరే సంగతి ఎత్తాలనిపించలేదు. మెత్తటి పొడి ఎందుకు పేలుతుందో చెప్పాను. పిండి, చక్కెర, ఆ ఫ్యాక్టరీలో చేసే సెల్యులోజ్, ఏదైనా సరే. మండే పొడి, ఆక్సిజన్, నిప్పురవ్వ, పొడి గాలిలో తేలుతూ ఉండడం, మూసి ఉన్న చోటు: ఈ అయిదూ ఒక్కచోట కలవకూడదు. ఒకబ్బాయి అడిగాడు, "రేపు నేనే ఓనర్ అయితే, ఈ అయిదు కలవకుండా చూసేది ఎవరు మేడమ్?" నువ్వే అన్నాను. సేఫ్టీ ఆఫీసర్‌ను పెట్టుకోవచ్చు, కాంట్రాక్టర్‌కు అప్పజెప్పవచ్చు, బాధ్యత మాత్రం నీదే.

ఈ సెమిస్టర్‌లో ఎవరు ఏ ప్లాన్ తెచ్చినా మొదటి పేజీలో రెండు ప్రశ్నలకు జవాబుండాలని చెప్పేశాను. ఇందులో జరగగల అతి పెద్ద ప్రమాదం ఏది? ఆ క్షణంలో దానికి అందరికంటే దగ్గరగా ఉండేది ఎవరు? మార్కెట్ సైజు రెండో పేజీలో రాసుకోవచ్చు.

జూలై 12

ఓ చిన్న మెషిన్ షాపుకు తీసుకెళ్లాను. లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషిన్, రెండు డ్రిల్లింగ్‌లు. పెద్ద కంపెనీలకు జాబ్ వర్క్. ఓనర్ టర్నర్‌గా మొదలుపెట్టినాయన. మా వాళ్లు ఆర్డర్లను ట్రాక్ చేసే యాప్ ఒకటి తయారుచేసుకుని, స్లైడ్‌లతో సహా వచ్చారు. ఆయన ఓపిగ్గా అంతా విన్నాడు. "ఆర్డర్ ఏడున్నదో నాకెరుకే బిడ్డా. పైసలేడున్నయో నాకు తెలుస్తలేదు" అన్నాడు.

అక్కడి నుంచి మాట పేమెంట్ల మీదికి పోయింది. చిన్న పరిశ్రమల చట్టం 2006 నుంచీ ఉంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, కొన్న కంపెనీ 45 రోజులు దాటించకూడదు. దాటితే డబ్బు కట్టేదాకా ఆ బిల్లును ఖర్చు కింద చూపుకోనివ్వకుండా ఆదాయ పన్ను నిబంధన కూడా వచ్చింది. ఆయనకు ఇవన్నీ తెలుసు. "కేసేస్తే గెలుస్త. మల్ల పనెవరిస్తరు?" అన్నాడు. వర్కింగ్ క్యాపిటల్ చాప్టర్‌లో ఈ ప్రశ్న లేదు. నేను దాన్ని పరీక్ష పేపర్లో పెడతాను.

తిరిగి వచ్చేముందు టిఫిన్ సెంటర్ అమ్మాయి ఓ మూలన ఆగిపోయింది. ఒక కుర్రాడు తయారైన ముక్కలను డీజిల్ ట్రేలో ఒట్టి చేతులతో కడిగి, బనియన్ వేస్ట్‌తో తుడుస్తున్నాడు. వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఉంది. "డీజిల్ నెలకెంతైతది అంకుల్?" అని ఓనర్‌ను అడిగింది. ఆయన సొరుగు తెరిచి బిల్లులు తీశాడు. స్లైడ్‌లు చూస్తున్నప్పుడు ఆయన అంత ఉషారుగా లేడు.

జూలై 19

ఇలాంటి చదువు మన దగ్గర కొత్తదని చాలామంది అనుకుంటారు. 1964లోనే హైదరాబాద్ యూసుఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు కాకినాడ వ్యాపారులను బృందాలుగా పిలిపించారు. హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్ ఆలోచన అది. సాధించాలనే తపనను పెద్దవాళ్లలో కూడా పెంచవచ్చా అన్నది ఆయన ప్రశ్న. ఆటల్లో ఒకటి రింగులు విసరడం. మేకు నుంచి ఎంత దూరంలో నిలబడాలో ఎవరికి వారే ఎంచుకోవాలి. కొందరు మరీ దగ్గర, కొందరు మరీ దూరం. కష్టపడితే పడుతుందనిపించే దూరంలో నిలబడేవాడే వ్యాపారం చేయగలవాడని ఆయన నమ్మకం. పోల్చడానికి రాజమండ్రిని శిక్షణ ఇవ్వకుండా వదిలారు. తర్వాతి రెండేళ్లలో కోర్సు చేసినవారిలో సుమారు సగం మంది వ్యాపారంలో కొత్త అడుగులు వేశారని, చేయనివారిలో అలా వేసింది నాలుగో వంతేనని మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ 1969లో అచ్చువేసిన పుస్తకంలో రాశారు.

నాకు నచ్చింది, శిక్షణకు పిలిచింది అప్పటికే కొట్లో కూర్చుని లెక్కలు చూసుకుంటున్నవాళ్లను. ఇంటికెళ్లిన మర్నాడే నేర్చుకున్నది వాడుకోవచ్చు. మా పిల్లలకు ఇంకా కొట్టు లేదు. అందుకే కొట్లున్నవాళ్ల దగ్గరికి నేనే తీసుకెళ్తున్నాను.

జూలై 27

ఆదివారం. రేపటి క్లాసుకు ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ గురించి నోట్సు రాసుకుంటున్నా.

బాలానగర్‌లో ఆ కంపెనీ పెట్టిన సింథటిక్ డ్రగ్స్ ప్లాంట్ 1960ల చివర ఉత్పత్తి మొదలుపెట్టింది. 1970 పేటెంట్ చట్టం మందుకు కాక తయారీ పద్ధతికే పేటెంట్ అంది. వేరే దారిలో అదే మందును చేయగల కెమిస్ట్‌కు అది పెద్ద తలుపు తీసింది. పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీలో పీహెచ్‌డీ చేసి ఐడీపీఎల్‌లో చేరిన కల్లం అంజిరెడ్డి బయటికొచ్చి భాగస్వాములతో యూనిలాయిడ్స్, ఆ తర్వాత స్టాండర్డ్ ఆర్గానిక్స్, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. మొదటి మందు మిథైల్‌డోపా. ఆయన దగ్గర పనిచేసిన పార్థసారథి రెడ్డి 1993లో హెటిరో పెట్టారు. బొల్లారం, జిన్నారం, పటాన్‌చెరు పొడుగునా రియాక్టర్లు ఇలా ఒకరి దగ్గర నేర్చి ఇంకొకరు పెట్టినవే ఎక్కువ.

వీళ్లెవరికీ ఈ సబ్జెక్టు ఎవరూ క్లాసులో చెప్పలేదు. రియాక్షన్ ఎంత దిగుబడి ఇస్తుందో, సాల్వెంట్ ఎంత తిరిగి దక్కుతుందో, ఏ మెట్టు దగ్గర రూపాయి పోతోందో ప్లాంట్‌లో నిలబడి నేర్చుకున్నారు. నాకు వాళ్లంటే గౌరవం. పిల్లలకూ ఉండాలి.

ఆగస్టు 3

అదే నోట్సుకు ఇంకో పేజీ ఉంది. అది చెప్పకుండా మొన్నటి పేజీ చెప్పడం పిల్లలకు అన్యాయం.

నక్కవాగు. ఈ ఫ్యాక్టరీల నీళ్లు మంజీరకు చేరే దారి. వాగు పక్క పొలాలు చెడిపోయాయి, బోర్లలో రంగు నీళ్లు వచ్చాయి. పటాన్‌చెరులో ప్రాక్టీసు చేసే డాక్టర్ అల్లాని కిషన్‌రావు తన దగ్గరికొచ్చే రోగులను చూసి ఈ సంగతి పట్టుకున్నారు, రోడ్డెక్కారు, కోర్టులకెళ్లారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు చేరింది. ఉమ్మడి శుద్ధి కేంద్రం 1990లలో వచ్చింది. అయినా స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం అక్కడ శుద్ధి అయి బయటికొచ్చే నీటిని పరీక్షించి 2007లో అచ్చువేసిన పరిశోధనలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ.

క్లాసులో ఒకబ్బాయి ఫోన్‌లో లెక్క వేశాడు. అప్పట్లో ఆ మందు చౌకగా ప్రపంచమంతా వెళ్లిందంటే, ఆ ధరలో శుద్ధి ఖర్చు పూర్తిగా లేదు కదా మేడమ్ అన్నాడు. లేదు. ఆ మిగతా భాగాన్ని వాగు పక్క రైతు కట్టాడు, బోరు నీళ్లు తాగిన ఆడపిల్ల కట్టింది. మన దగ్గర వ్యాపారం నేర్పేవాళ్లెవరూ ఈ లెక్క నేర్పడం లేదు. సైన్స్ చదివిన పిల్లలైనా నేర్చుకోవాలి. ఆ వాగులో ఏముందో కొలవగలిగేది వాళ్లే కాబట్టి.

ఆగస్టు 9

టిఫిన్ సెంటర్ అమ్మాయి, ఇంకో ముగ్గురు ఆ మెషిన్ షాపు కోసం డీజిల్‌కు బదులు ముక్కల జిడ్డు వదిలించే, నీళ్లతో పనిచేసే డీగ్రీజర్ చేస్తున్నారు. కాస్టిక్ వేసిన మొదటిదానికి అల్యూమినియం ముక్కలు గుంటలు పడి నల్లబడ్డాయి. కాస్టిక్ తీసేసి సోడియం మెటాసిలికేట్ వేశారు. ఇప్పుడు ఇనుప ముక్కలు కడిగిన కాసేపటికే తుప్పు పడుతున్నాయి. ఓనర్ రెండు ముక్కలు చేతిలో పెట్టి వెనక్కి పంపాడు. ల్యాబ్‌లో అందరూ దిగులుగా ఉన్నారు. నాకైతే ఇంతకంటే మంచి ప్రాక్టికల్ ఈ కాలేజీలో చూసిన గుర్తు లేదు.

ఆగస్టు 16

వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ గురించి మాట్లాడాను. 1972 నుంచి మన పక్కనే ఉంది. 2003లో వ్యవసాయ వ్యాపారాలకు ఇంక్యుబేటర్ మొదలుపెట్టారు. అప్పుడు అక్కడి నుంచి ఊపందుకున్నది తీపి జొన్న. కంకి రైతుకు, కాండంలోని రసం ఇథనాల్‌కు. 2007లో అప్పటి మెదక్ జిల్లాలో రుస్నీ డిస్టిలరీ ఉత్పత్తి మొదలుపెట్టింది. సైన్స్‌లో లోపం లేదు. కానీ కోసిన కాండంలో చక్కెర గంటగంటకూ తగ్గుతుంది. ఫ్యాక్టరీకి దూరమైన రైతు సరుకు దారిలోనే విలువ పోగొట్టుకుంటుంది. ఆ డిస్టిలరీ ఎక్కువ కాలం నడవలేదు. ఇబ్రహీంబాద్‌లో ఊళ్లోనే గానుగాడించి పాకంగా మార్చి పంపే పద్ధతి ప్రయత్నించారు.

మా మెకానికల్ వాళ్లకు ఈ పాఠం ఇట్టే ఎక్కింది. ట్రాక్టర్ లోడు, గంటలు, కిలోమీటర్లు బోర్డు మీదికొచ్చి వాళ్లే వేసుకున్నారు.

ఆగస్టు 18

కంది ఐఐటీలో హెల్త్‌కేర్ ఆంట్రప్రెన్యూర్‌షిప్ సెంటర్ ఉంది. అక్కడి ఫెలోలు ముందు ఆసుపత్రుల్లో తిరిగి, డాక్టర్లు, నర్సులు ఎక్కడ అవస్థ పడుతున్నారో రాసుకున్నాకే పరికరం ఆలోచిస్తారు. మన కాలేజీల్లో ఐడియా పోటీ పెట్టి, గెలిచినవాళ్లకు చెక్కు అట్ట ఇచ్చి ఫొటో దిగుతాం. అవస్థ వెతికే పోటీ పెడితే బాగుంటుంది. ప్రిన్సిపాల్‌గారికి కాగితం రాసిచ్చాను.

ఆగస్టు 25

ఎల్లుండి వినాయక చవితి. వ్యాపారం మా వల్ల కాదు మేడమ్ అనే కుర్రాళ్లే వారాల కిందటే విగ్రహానికి అడ్వాన్సిచ్చి, ఇంటింటికీ రసీదు పుస్తకం తిప్పి, సౌండ్ సిస్టమ్ రేటు బేరమాడి తగ్గించారు. పోయినేడు లడ్డూ వేలంలో పాడుకున్న పెద్దమనిషి దగ్గర డబ్బు వసూలు కూడా చేసుకొచ్చారు. వాళ్లకు వ్యాపారం రాక కాదు, దీన్ని చదువని ఎవరూ ఒప్పుకోక.

ఆగస్టు 31

ఒక తల్లి ఫోన్. "ఇవన్నీ చేస్తే జాబ్ వస్తదా మేడమ్?" ఫీజు అప్పు తెచ్చి కట్టినవాళ్లు. కంపెనీ పెట్టమని మీ అమ్మాయికి చెప్పడం లేదమ్మా, ఏ కంపెనీలో చేరినా అక్కడ రూపాయి ఎట్ల పోతుందో, నీళ్లు ఎటు పోతాయో అడగడం నేర్పుతున్నా అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అడిగితే ఉంచుతరా?" అంది. ఉంచే చోటు కూడా ఉంటుంది, అది వెతుక్కోవడం కూడా నేర్పుతాను అన్నాను.

సెప్టెంబర్ 6

తుప్పు సమస్య తీరింది. ఖర్చుల కాగితం తెచ్చారు. ముడి సరుకు, డబ్బాలు, ఆటో కిరాయి, జీఎస్టీ, రెండు నెలల ఉద్దెర మీద వడ్డీ. అన్నీ కలిపి డీజిల్ కంటే చౌకగానే పడుతోంది. వాడాక నూనె, లోహపు రజను కలిసిన ఆ నీళ్లు ఎక్కడ పోస్తారని అడిగాను. డ్రైన్ అన్నాడొకడు, అనగానే తలెత్తి అందరి వంకా చూశాడు.

అక్కడే ఇంకో గడి గీశారు. నూనెను తేర్చి వేరుచేసి, అనుమతి ఉన్న రీసైక్లర్‌కు ఇవ్వాలి. అడుగున చేరే బురద దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి వెళ్లాలి. రవాణా కలిపితే ధర డీజిల్‌ను దాటేసింది.

సెప్టెంబర్ 13

ఓనర్‌కు రెండు ధరలూ దాచకుండా చూపించారు. పెద్ద ధర ఎందుకని అడిగాడు. ఆ నీళ్ల సంగతి చెప్పింది టిఫిన్ సెంటర్ అమ్మాయి. ఆయన సొంతూరు నక్కవాగు ఒడ్డునేనట. "మా బాయి నీళ్లు పశువులు గూడ ముట్టలే" అన్నాడు. తర్వాత బేరం మొదలుపెట్టాడు. పక్కవాళ్లతో కలిసి నాలుగు షాపులైతే వాడిన నీళ్లు ఒకే ట్రిప్పులో తీసుకెళ్లొచ్చు, కిరాయి పంచుకోవచ్చు, వాళ్లతో తనే మాట్లాడతానన్నాడు. ముందుగా రెండు క్యాన్లు, నెల ఉద్దెర. పదిహేను రోజులు అంది ఆ అమ్మాయి. ఇరవైకి తెగింది. కుర్రాడికి గ్లవ్స్ ఓనరే కొనాలని కాగితం మీద రాయించుకుంది.

సోమవారం ట్రిప్పు కిరాయి నాలుగు షాపులకు ఎలా పంచాలో క్లాసులో వేయాలి. క్యాన్ల లెక్కనా, కలిసిన నూనె లెక్కనా అన్నది వాళ్ల మధ్య ఇంకా తేలలేదు.