సముద్రమే పంచాంగం

పిల్లలూ! మీ వీధిలో మీరంతా కలిసి ఒక ఆటల సంఘం పెట్టారనుకోండి. అది మీ మునిమనుమల కాలందాకా ఉంటుందా? ఐర్లండు దేశంలో 1720లో పుట్టిన పడవల సంఘం ఒకటి ఇప్పటికీ ఉన్నది. దాని పేరు రాయల్ కార్క్ యాట్ క్లబ్. ప్రపంచంలోని యాట్ క్లబ్బులన్నిటిలోకీ ఇదే పాతదని చెబుతారు.

'యాట్' అన్నది డచ్చి భాషలో 'వేట' అనే మాటనుంచి వచ్చింది. వెంటాడి పట్టుకునే చురుకైన తెరచాప ఓడలకు డచ్చివారు ఆ పేరు పెట్టారు. తరవాత షికారు పడవలకూ అదే పేరయింది.

ఐర్లండు దక్షిణాన కార్క్ నగరపు రేవులో హాల్‌బోలిన్ అనే దీవి ఉన్నది. సంఘంవారు మొదట అక్కడ చేరేవారు. సభ్యులు 25 మందికి మించరాదు. ఏప్రిల్ మొదలు సెప్టెంబరు దాకా పెద్దపోటు వచ్చినప్పుడల్లా సమావేశం కావాలి. అమావాస్యకూ, పున్నమికీ సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో పనిచేస్తుంది గనక సముద్రం బాగా పొంగుతుంది. అంటే పదిహేను రోజులకొక సమావేశమన్నమాట!

వారి నియమాలు వింటే మీకు నవ్వొస్తుంది. విందు ఇచ్చేవాడు రెండు మాంసపు వంటకాలకు మించి తేరాదు. పొడుగుతోక విగ్గులతో రారాదు. భోజనమయాక ఎవరైనా పడవల ప్రస్తావన తెచ్చారో, జరిమానాగా నిండు గ్లాసు తాగవలసిందే!

ఏడాదికొకసారి మాత్రం గొప్ప వేడుక. సంఘానికి పెద్దను 'అడ్మిరల్' అంటారు. ఆయన పడవ జెండాతో ముందు సాగేది. మిగిలినవి యుద్ధనౌకల్లాగా బారులు తీరి వెనక నడిచేవి. బాకాలూ, డప్పులూ మోగేవి. పీటర్ మొనమీ అనే చిత్రకారుడు ఆ దృశ్యాన్ని 1738లో చిత్రించాడు.

అయితే 1765 తరవాత సంఘం దాదాపు అణగిపోయింది. 1806లో కొందరు పూనుకుని మళ్ళీ లేపారు. 1831లో రాజు నాలుగవ విలియం దానికి 'రాయల్' బిరుదు ఇచ్చాడు. 1854లో కోవ్ పట్నంలో నీటి అంచునే చక్కని భవనం కట్టుకున్నారు. నూరేళ్ళు గడిచాక ఆ వైభవమూ తగ్గింది. అప్పుడేం చేశారు? 1966లో క్రాస్‌హేవెన్‌లోని రాయల్ మన్‌స్టర్ యాట్ క్లబ్బుతో ఏకమయారు. ఇల్లు వారిది, పేరు వీరిది! పాత భవనం ఇప్పుడు కళాకేంద్రం.

300 ఏళ్ళు నిండిన 2020లో కోవిడ్ మూలాన ఉత్సవాలు ఆగిపోయాయి. సంఘం మాత్రం ఆగలేదు. ఈనాటికీ దాని పెద్దను అడ్మిరల్ అనే పిలుస్తారు.

చూశారా? దీవి మారింది, భవనం మారింది. పడవ ఎక్కే పిల్లలున్నంతకాలం సంఘానికి ముసలితనం లేదు!