గాలివానలో గుడారం

ఉర్దూలో ‘ఖేమా’ అన్నా, తెలుగులో ‘గుడారం’ అన్నా మనస్సుకు తోచేది ఒక్కటే: ప్రయాణికుని తాత్కాలిక గృహం. ‘ఖయ్యామ్’ అనే మాటకు గుడారాలు కుట్టేవాడని అర్థం. వస్త్రంతో ఇల్లు నిర్మించే విద్య ఎంత ప్రాచీనమో ఆ పేరే చెబుతున్నది.

వేసవి సెలవులలో కొండయాత్రకు బయలుదేరదలచిన మన విద్యార్థులు, ఏ గుడారం కొనాలో తేల్చవలసిందిగా నన్ను కోరారు. వారి వాదం సహేతుకమైనదే. వీపున మోసే ప్రతి కిలో బరువు కాళ్లను అలయజేస్తుంది. అలసిన కాలు కొండదారిలో జారుతుంది. రెండు కర్రలపై కట్టే పలుచని పట్టా ఒక కిలో బరువైనా ఉండదు. ఇద్దరికి సరిపడే గట్టి గుడారం రెండున్నర, మూడు కిలోలు తూగుతుంది. అయితే ఆ బరువును ఇద్దరూ పంచుకోవచ్చును.

ఈ సందర్భంలో నాకు 1911 నాటి ఒక ఉదంతం స్ఫురించింది. అంటార్కిటికాలో ఎంపరర్ పెంగ్విన్ గుడ్ల కోసం విల్సన్, బవర్స్, చెర్రీ-గెరార్డ్ అనే ముగ్గురు నడిశీతకాలపు చీకటిలో కేప్ క్రోజియర్‌కు వెళ్లారు. తుపాను వారి గుడారాన్ని ఎత్తుకుపోయింది. రాళ్లతో కట్టుకున్న గూటికి పైకప్పుగా వేసిన కాన్వాసు సైతం చీలికలైపోయింది. వారు పడకసంచులలో ముడుచుకొని, మంచు కప్పుతుండగా మృత్యువుకై ఎదురుచూశారు. గాలి తగ్గిన పిదప సుమారు అరమైలు దూరంలో గుడారం దొరికింది. అది దొరకకున్నచో వారు తిరిగి వచ్చేవారు కారు.

కావున బరువును మాత్రమే తూచుట చాలదు. గాలిని కూడా తూచవలె. చెట్ల నడుమ లోయలో పలుచని పట్టా చాలును. చెట్లు లేని ఎత్తులలో గాలి దిక్కు మార్చుకుంటూ ఉంటుంది. సొరంగం ఆకారపు గుడారం ఎదురుగాలికి నిలిచినా, ప్రక్కగాలికి వంగిపోతుంది. ఊచలు ఒకదానినొకటి ఖండించుకొనే గుమ్మటం ఆకారపు గుడారం అన్ని దిక్కుల గాలికీ ఓర్చుకుంటుంది. అయినను మేకులు దిగగొట్టి, తాళ్లు బిగించనిచో అదియు గాలిపటమే. నైలాను వస్త్రం తడిస్తే సాగుతుంది. చీకటి పడకముందే తాళ్లు మరల బిగించాలి. పాలియెస్టరు అంతగా సాగదు. వాగు గర్భంలోను, ఎండుకొమ్మల క్రిందను గుడారం వేయరాదు. పిడుగు నుండి ఏ గుడారమూ రక్షింపజాలదు. మబ్బు కమ్మినప్పుడు శిఖరం దిగిపోవుటే వివేకం.

ఇవన్నీ ఆలోచించి గుమ్మటపు గుడారమే కొనవలెనని నేను అభిప్రాయపడ్డాను. కొందరు విద్యార్థులు పెదవి విరిచారు. కాని ఒక విద్యార్థి తల్లి నాతో, “సార్, మా బాబును మీకు అప్పగిస్తున్నాం” అన్నది. ఉర్దూలో ఇటువంటి అప్పగింతను ‘అమానత్’ అంటారు. ఆ బరువు ముందు రెండు కిలోలు ఏపాటివి?

విద్యార్థులారా! గుడారం తిరిగి దొరికిన తరువాత బవర్స్ దానికి కట్టిన త్రాడును తన పడకసంచికి ముడివేసుకొని నిదురించాడట. అది పోతే తానూ దానితోనే పోవాలని అతని నిశ్చయం. మనలను కాపాడే దానిని మనం కూడా అంత గట్టిగా పట్టుకొని ఉండాలి.