బెట్ట కాలంలో పరుగు

7 నిమిషాల 15 సెకన్లు. నల్గొండ జిల్లా కట్టంగూర్ మండలంలో ఏ ఊరికి పోయి డిగ్రీ అయిపోయిన పిల్లగాణ్ని అడిగినా ఈ లెక్క తడుముకోకుండా చెప్తాడు. 2022 నోటిఫికేషన్ ప్రకారం తెలంగాణలో పోలీసు కానిస్టేబుల్ కావాలంటే మగపిల్లలు 1600 మీటర్లు అంతలోపల ఉరకాలి. ఆడపిల్లలకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. ఆపైన లాంగ్ జంప్, షాట్‌పుట్. అన్నిటినీ కలిపి 'ఈవెంట్స్' అంటారు. ప్రిలిమ్స్ పాసైతేనే ఈవెంట్స్, ఈవెంట్స్ దాటితేనే తుది రాతపరీక్ష. అందుకే ఇంకా చీకటి ఉండగానే గ్రౌండులో ఫోను లైట్లు కదులుతుంటాయి.

వీళ్లలో ఉత్తగా తిరిగేవాళ్లు తక్కువ. ఒకడు నకిరేకల్‌లో మందుల దుకాణంలో కూర్చుంటాడు, ఒకడు ఫైనాన్సు వసూళ్లకు బండి మీద తిరుగుతాడు, ఒకామె రాత్రి పొద్దుపోయేదాకా మిషన్ కుట్టి తెల్లారకముందే బూట్లు కట్టుకుంటుంది. చేస్తున్న పని విడవకుండా ఇంకో పనిలోకి దాటాలని చూస్తున్నవాళ్లు. పట్నంలో ఉద్యోగం మారేవాడికి నోటీసు పీరియడ్ ఉంటుంది, పీఎఫ్ డబ్బులుంటాయి. వీళ్లకు ఒక పూట పని పోతే ఆ పూట కూలి పోయినట్టే. అలాంటి ఇరుకులో రోజూ ఒక గంట తీసి కాళ్లకు ఇస్తున్నారంటే దాన్ని తేలిగ్గా చూడలేను.

వాళ్ల పక్కన నేనూ ఉరుకుతాను. నాకు ఏ నోటిఫికేషనూ లేదు. నలభై దాటాక హైదరాబాద్‌లో ఆఫీసు లెక్కలు చూసే ఉద్యోగం వదిలి, చిన్నాయన కనిపెట్టుకొని ఉన్న మా బత్తాయి తోటలోకి దిగాను. పరుగు పట్నంలోనే అలవాటైంది. మారథాన్, అంటే 42.195 కిలోమీటర్లు, ఒక్కసారైనా పూర్తి చేయాలన్న కోరికా అక్కడిదే. ఊరికి వస్తూ దాన్ని అక్కడ వదిలేసి రాబుద్ధి కాలేదు. "ఎవలు తరుముతుండ్రురా నిన్ను?" అన్నాడు చిన్నాయన. తోటలో ఒళ్లొంచి చేసేవాడికి మళ్లీ వేరే కసరత్తు దేనికని ఆయన అసలు ప్రశ్న. కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదది. పాదులు తవ్వి, మందు కొట్టి, కాయ కోసినవాడి ఒంట్లో బలం ఉంటుంది. కానీ ఆ పని వంగడం, లేవడం, మోయడం, ఆగడం. గంటన్నరసేపు గుండె ఒకే తీరుగా కొట్టుకోవడం అందులో లేదు. ఇంకో మాట ఆయనకు చెప్పలేదు గానీ ఇక్కడ చెప్తాను. కొత్త పనిలో ఏదీ ఆ రోజుకారోజు తేలదు. వేసిన ఎరువు పనిచేసిందో లేదో తెలియడానికి నెలలు పడుతుంది. పొద్దున మొదలై పొద్దున్నే పూర్తయ్యేది ఒకటుంటే, తేలని పనుల మధ్య రోజంతా నిలబడడానికి అది ఆసరా.

పరుగు విషయంలో నేను నమ్మింది ఆర్థర్ లిడియార్డ్ మాట. న్యూజిలాండ్ మనిషి. ఆక్లండ్‌లో బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, ఇల్లు గడవడానికి ఇళ్లిళ్లకూ పాలు వేసేవాడు. ఒకరోజు స్నేహితుడి వెంట 5 మైళ్లు ఉరికేసరికి ప్రాణం కడబట్టింది. ఇప్పుడే ఇట్లా ఉంటే ముందు ముందు ఎట్లా అనుకొని, ఏళ్ల తరబడి తన ఒంటి మీదే ప్రయోగాలు చేసుకున్నాడు. ఎంత దూరం, ఎంత మెల్లగా, ఎంత విరామం అని. 1953లోనూ 1955లోనూ తన దేశపు మారథాన్ విజేత అయ్యాడు. ఆయన దగ్గర చేరినవాళ్లూ ఉద్యోగాలు చేసుకుంటూ పొద్దున, సాయంత్రం ఉరికిన మామూలు మనుషులే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఒకే మధ్యాహ్నం ఆయన శిష్యులిద్దరికి బంగారు పతకాలొచ్చాయి. పీటర్ స్నెల్‌కు 800 మీటర్లలో, మర్రే హాల్బర్గ్‌కు 5000 మీటర్లలో. రెండు నిమిషాలు కూడా పట్టని 800 మీటర్ల కోసం స్నెల్ ఆదివారాలు కొండదారిలో 22 మైళ్లు ఉరికేవాడు. ముందు మెల్లగా, పొడుగ్గా, నెలల తరబడి పునాది. వేగం ఆ తర్వాత, కొద్ది వారాలు.

మా గ్రౌండులో జరిగేది దీనికి తలకిందులు. రోజూ నాలుగు రౌండ్లు, రోజూ ప్రాణాలు పెట్టి, రోజూ టైమింగ్. మూడో వారానికి మోకాలి కింద ముందరి ఎముక వెంట నొప్పి మొదలవుతుంది. షిన్ పెయిన్ అంటారు వాళ్లు. కట్టు కట్టుకొని, నొప్పి మందు పూసుకొని మళ్లీ అదే ఉరుకుడు. లోపల జరిగేది వాళ్లకు ఎవరూ చెప్పరు. దమ్ము తొందరగా పెరుగుతుంది, కండరం కూడా వారాల్లో దారికొస్తుంది. ఎముక, నరాల్లాగా కనిపించే ఆ గట్టి స్నాయువులు మాత్రం నెలలు అడుగుతాయి. దమ్ముందని కాళ్లు ఒప్పుకోవు. ఇక మెల్లటి పరుగులో కండరంలో సన్నటి రక్తనాళాలు కొత్తగా పుడతాయి, గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోస్తుంది. 1600 మీటర్లలో చాలాభాగం నడిపించేది ఈ సత్తువే. మెల్లగా అంటే ఎంత మెల్లగా అని అడిగితే ఒకటే గుర్తు చెప్తాను. పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట తెగుతుంటే నువ్వు గట్టిగా ఉరుకుతున్నట్టు. వారంలో ఒకటి రెండు రోజులు గట్టిగా, మిగతావన్నీ మాట తెగకుండా.

ఓర్పు మన నేల మీద పెరగదని ఎవరన్నా అంటే భువనగిరి గుట్ట చూపిస్తాను. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ అనే గురుకుల పిల్లలు మొదట బండ పట్టుకోవడం నేర్చింది అక్కడే. అక్కణ్నుంచి డార్జిలింగ్, అక్కణ్నుంచి లద్దాఖ్, ఆ తర్వాతే ఎవరెస్టు. ఒక్కో మెట్టు దగ్గర ఒళ్లు సర్దుకునేదాకా ఆగారు.

ఇదంతా పుస్తకాల్లో దొరుకుతుంది. దొరకనిది చిన్నాయన చెప్పాడు, పరుగు గురించి కాకుండా బత్తాయి గురించి.

మా దగ్గర బత్తాయికి పూత రావాలంటే చలికాలంలో చెట్టును బెట్టకు విడవాలి. అంటే నీళ్లు ఆపాలి. ఎర్ర చెలకల్లో తక్కువ రోజులు, రేగడిలో ఎక్కువ. చెట్టు ఆకలిగొని, ఎదుగుదల ఆపి, లోపలే సిద్ధమవుతుంది. తర్వాత ఎరువు వేసి, మొదటి తడి పల్చగా ఇచ్చి, ఆనక పూర్తి తడులు ఇస్తే జనవరి, ఫిబ్రవరిలో విరగబూస్తుంది. బెట్ట చాలకపోతే పూత పల్చన. ఎక్కువైతే ఆకు రాలి, కొమ్మ ఎండి, చెట్టే పోతుంది. ఎప్పుడు ఆపాలో ఎట్లా తెలుస్తుందని అడిగాను. సాయంత్రం తోటలోకి తీసుకుపోయి ఒక కొమ్మ వంచి చూపించాడు. ఆకులు లోపలికి దొప్పల్లాగా ముడుచుకొని ఉన్నాయి. "గిది చూసి బుగులుపడకు. పొద్దుగాల సూడు" అన్నాడు. తెల్లారి పోతే అదే కొమ్మకు ఆకులు విచ్చుకొని, వేలికి చల్లగా తగిలాయి. "రాత్రి తేరుకున్నది గదా. ఇంక ఓపుతది. పొద్దుగాల గూడ ముడుసుకునే ఉన్ననాడు తడి పెట్టాలె" అన్నాడు. మరో సంగతి, జబ్బుతో ఉన్న చెట్టుకు, విరగగాసి అలసిన చెట్టుకు ఆయన ఆ ఏడు బెట్టే పెట్టడు. ఒక కష్టంలో ఉన్నదానికి ఇంకో కష్టం పెట్టొద్దంటాడు.

ఉద్యోగం మారడం మనిషికి బెట్ట. ఆదాయం ఆగుతుంది, తెలిసిన మనుషులు దూరమవుతారు, చేతికి వచ్చిన పని పోయి రాని పని వస్తుంది. ఒంటికి ఇది ఆఫీసు ఆందోళన, అది పరుగు అలసట అన్న తేడా లేదు. రెండింటికీ అదే గుండె, అవే హార్మోన్లు, అదే నిద్ర. అట్లాంటి ఏడాదిలో మారథాన్ ప్రణాళిక అని వారం వారం దూరం పెంచుకుంటూ పోవడం ఒకే చెట్టుకు రెండు బెట్టలు పెట్టడమే. నేను పరుగు మానమని చెప్పడం లేదు. మెల్లటి పరుగు ఒళ్లు ఓపినంత ఉరకొచ్చు, అది ఒంటిని కాస్తుంది. ఆపాల్సింది దాన్ని ఇంకో పరీక్షగా మార్చుకోవడాన్ని. చిన్నాయన ఆకు చూసినట్టు నేను పొద్దున లేవగానే, మంచం దిగకముందే, మణికట్టు దగ్గర నాడి పట్టుకొని నిమిషం లెక్కపెడతాను. రోజూ ఉండేదానికంటే బాగా ఎక్కువగా కొట్టుకుంటుంటే రాత్రి ఒళ్లు తేరుకోలేదన్నట్టు. ఆ రోజు నడక.

కాపాడుకోవాల్సింది కిలోమీటర్లను కాదు, నిద్రను. మా బాపు కాలంలో రైతుకు నిద్ర అన్నదే లేదు. కరెంటు అర్ధరాత్రి వచ్చేది, బ్యాటరీ లైటు పట్టుకొని పాముల మధ్య బోరు దగ్గరికి పోయేవాడు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఇచ్చాక మోటరు పగటిపూటకు మారింది. అది దిగుబడి లెక్కల్లోనే చూస్తారు అందరూ. ఒక తరం రైతులకు రాత్రులు తిరిగొచ్చాయన్నది నాకు అంతకంటే పెద్ద సంగతి. గ్రౌండు పిల్లలకు మాత్రం ఇంకా రాలేదు. అర్ధరాత్రిదాకా పుస్తకం, నాలుగింటికి అలారం. వాళ్లు నన్ను ఏ బూట్లు కొనాలని అడుగుతారు, నేను ఎన్నింటికి పడుకున్నారని అడుగుతాను. ఆ మిషన్ కుట్టే అమ్మాయిని పొద్దుటి ప్రాక్టీసు వారంలో సగం రోజులకు తగ్గించమని బతిమాలాను. తగ్గించింది. కాలి నొప్పి తగ్గింది, టైమింగ్ కూడా దిగింది.

ఎండాకాలం సంగతి కొంచెం చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో నల్గొండ ఎండకు ఏడు దాటాక ఉరకడం తెలివి కాదు. కొత్త ఎండకు ఒళ్లు అలవాటు పడడానికి రెండు వారాలు పడుతుంది. చెమటలో ఉప్పు పోతుంది, ఉత్త నీళ్లే కడుపు నిండా తాగితే కళ్లు తిరుగుతాయి. ఉప్పేసిన సల్ల, జొన్న గట్క, పల్లీలూ బెల్లం మన ఇంట్లోనే ఉన్నాయి. చోటు సంగతీ ఉంది. 65వ నంబరు జాతీయ రహదారి ఊరి పక్కనే నున్నగా రమ్మంటుంది గానీ, రాత్రంతా నడిపి వచ్చిన డ్రైవర్ల కళ్లను నమ్మి దాని మీద ఉరకొద్దు. కోతల కాలంలో సర్వీసు రోడ్డంతా వడ్లు ఆరబోసి ఉంటాయి. చెరువు కట్ట మేలు.

ఆ కట్ట మీద నేను మోకాలు ఎత్తి ఎత్తి ఉరుకుతుంటే ఒక్కోసారి మా జిల్లా గతం గుర్తొస్తుంది. నీళ్లలో ఫ్లోరైడ్‌తో నడుములు వంగి, కీళ్లు బిగుసుకొని, పిలిస్తే మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి చూసే పెద్దలను చూసి పెరిగాం. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్ శాస్త్రవేత్తలు నల్గొండ పేరే పెట్టారు. ఇలాంటి జిల్లాలో కీళ్లు సాఫీగా వంగే తరం ఒకటి పొద్దున్నే ఉరుకుతున్నదంటే, దాన్ని నాలుగు రౌండ్ల టైమింగ్‌కే వాడి, ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ మర్నాటి నుంచి మానేయడం నాకు చాలా బాధ. స్నెల్‌ను చూడండి. 1964 టోక్యోలో ఇంకో రెండు బంగారు పతకాలు గెలిచి, పరుగు పందేలు విడిచి, సిగరెట్ల కంపెనీలో ఉద్యోగం చేశాడు. ముప్పై దాటాక, 1971లో అమెరికా పోయి మళ్లీ కాలేజీలో చేరి, వ్యాయామం ఒంట్లో చేసే పని మీదే డాక్టరేట్ తీసుకున్నాడు. పందేలు మానినా పరుగుతో బంధం తెంచుకోలేదు.

నా మారథాన్ సంగతి. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో జరుగుతుంది, నెక్లెస్ రోడ్డు దగ్గర మొదలై ఫ్లైఓవర్లు ఎక్కీ దిగీ గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. పట్నంలో ఉన్నప్పుడు నా కళ్లన్నీ దాని మీదే. కానీ ఫిబ్రవరి పూత కోతకొచ్చేదీ సరిగ్గా అప్పుడే. కోత కూలీలు, లారీ, బాటసింగారం మార్కెట్‌లో ధర, తరుగు పేరుతో కోతలు. ఆ నెలలో పందేనికి సిద్ధమైతే తోటకు గానీ కాళ్లకు గానీ న్యాయం జరగదు. అందుకని పట్నపు క్యాలెండర్ పక్కన పెట్టి తోట క్యాలెండర్ చూశాను. కాయ పోయాక నవంబరు, డిసెంబరు బెట్ట నెలలు. తడులుండవు, చేతిలో గంటలుంటాయి, చలి ఉంటుంది. పొడుగు పరుగులకు అంతకంటే మంచి కాలం లేదు. ముంబై మారథాన్ జనవరి మూడో ఆదివారం. దానికి పేరు ఇచ్చాను.

చిన్నాయనకు తేదీ చెప్తే వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకున్నాడు. "అప్పటికి మొదటి తడి అయిపోతది, పోయి రా. ఎరువు మాత్రం నువ్వు పొయ్యేటందుకు ముందుగాలనే ఏసి పోవాలె" అన్నాడు.